చిలకలో దాచిన ప్రాణం, ముక్కలైన ఆత్మ: ఫాంటసీ నవలల్లో పాత కథల జాడలు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: టోల్కీన్ మొదలు రౌలింగ్ దాకా జనాదరణ పొందిన ఫాంటసీ రచయితలందరూ పురాణాల నుంచి, జానపద కథల నుంచి ఎత్తుకున్నవాళ్లేనా? వాళ్ల నవలల్లో ఉన్నాయని చెప్పే లోతైన అర్థాలు నిజంగా అక్కడ ఉన్నాయా, లేక మనమే తెచ్చి అంటిస్తున్నామా?

ఎత్తుకున్న మాట నిజమే. అందులో సిగ్గుపడవలసినది కూడా ఏమీ లేదు. దొంగ కాని కవీ లేడు, దొంగ కాని వర్తకుడూ లేడు అని రాజశేఖరుడు వెయ్యేళ్ల కిందటే కావ్యమీమాంసలో ఒప్పేసుకున్నాడు. అయితే ఈ నవలలను చాలా ఏళ్లుగా విద్యార్థుల చేత చదివిస్తున్న నాకు తరచూ కనిపించేది ఏమిటంటే, ‘ఇది ఫలానా పురాణంలోది’ అని తేలగానే వాళ్లు పని అయిపోయిందనుకుని పుస్తకం మూసేస్తారు. నిజానికి పుస్తకం తెరవవలసింది అప్పుడే. తెచ్చుకున్న వస్తువులో రచయిత దేన్ని మార్చాడు, ఎక్కడ మార్చాడు అని చూస్తేనే ఆ మార్పులోంచి అతని మనసులోని మాట వినిపిస్తుంది. మీ రెండు ప్రశ్నలనూ నేను విడివిడిగా చూడకపోవడానికి కారణం ఇదే.

మనందరికీ తెలిసిన ఉదాహరణతో మొదలుపెడతాను. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం అతని ఒంట్లో ఉండదు, ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో ఉంటుంది. ఈ కథకు దగ్గరి చుట్టం ఒకటి మేరీ ఫ్రేర్ 1868లో ప్రచురించిన ‘ఓల్డ్ డెక్కన్ డేస్’ అనే సంకలనంలో ఉంది. ఆమె దగ్గర ఆయాగా పనిచేసిన ఆనా లిబరాటా డిసూజా చెప్పిన కథ అది. అందులో మాంత్రికుడి పేరు పంచ్‌కిన్, అతను ఎత్తుకుపోయిన రాకుమారి పేరు బాల్నా. దట్టమైన అడవి నడుమ తాటిచెట్లు వలయంగా ఉంటాయి, ఆ వలయం మధ్యలో ఒకదానిపై ఒకటిగా ఆరు నీళ్ల కుండలు ఉంటాయి, అన్నిటికంటే కింది కుండ అడుగున చిన్న పంజరంలో ఆకుపచ్చ చిలక ఉంటుంది. బాల్నా కొడుకు ఆ చిలకను తెచ్చి ఒక రెక్క పీకగానే మాంత్రికుడి కుడిచెయ్యి ఊడిపడుతుంది. మానవశాస్త్రజ్ఞుడు ఫ్రేజర్ ‘ది గోల్డెన్ బౌ’లో ఇలాంటి కథలను దేశదేశాల నుంచి పోగుచేసి చూపించాడు. రష్యన్ కథల్లో కొష్చేయ్ ప్రాణం సూది మొనలో ఉంటుంది, ఆ సూది గుడ్డులో, గుడ్డు బాతులో, బాతు కుందేలులో, కుందేలు పెట్టెలో ఉంటాయి.

రౌలింగ్ ‘హ్యారీ పాటర్’ నవలల్లో దుష్ట మాంత్రికుడు వోల్డమార్ట్ తన ఆత్మను ముక్కలు చేసి హోర్‌క్రక్స్‌లనే వస్తువులలో దాచుకోవడం ఈ వంశానికి చెందినదేనని వేరే చెప్పనక్కర్లేదు. ఇక్కడితో ఆగితే ‘చిలక కథే కదా’ అని తేల్చేయవచ్చు. కానీ ఆమె చేసిన మార్పులు చూడండి. పంచ్‌కిన్ గాని, మాయల ఫకీరు గాని తన ప్రాణాన్ని చిలకలో పెట్టుకోవడానికి ఏ మూల్యమూ చెల్లించలేదు. అది కేవలం జాగ్రత్త, డబ్బును ఇంట్లో పెట్టుకోకుండా వేరేచోట పాతిపెట్టుకోవడం లాంటిది. వోల్డమార్ట్ ఒక్కో ముక్కను విడదీయడానికి ఒక్కో హత్య చేయాలి, చేసిన ప్రతిసారీ లోపల మిగిలేది తగ్గిపోతుంది, ముఖంలో మనిషి పోలికలు చెరిగిపోతాయి. రెండో మార్పు నా దృష్టిలో ఇంకా గొప్పది. చిలక రెక్క పీకితే పంచ్‌కిన్ చెయ్యి ఊడుతుంది, అంటే ప్రాణం ఎంత దూరాన ఉన్నా అది అతనిదే, దాని నొప్పి అతనికి తెలుస్తుంది. వోల్డమార్ట్‌కు తెలియదు. అలాంటి వస్తువుల్లో ఒకటైన తన డైరీ నాశనమైన సంగతి అనుచరుడు లూసియస్ మాల్ఫోయ్ చేత బలవంతంగా చెప్పించుకునేదాకా అతను గ్రహించనే లేదని గురువు డంబుల్డోర్ కథానాయకుడు హ్యారీకి చెబుతాడు. తన ఆత్మలో ఒక భాగం చచ్చిపోయినా తెలియనంత మొద్దుబారిన మనిషి అన్నమాట. ముక్కలైన ఆత్మ మళ్లీ కలవడానికి మార్గం ఏదైనా ఉందా అంటే, చేసిన పనికి నిజంగా పశ్చాత్తాపపడటం ఒక్కటే మార్గమని, ఆ బాధకు మనిషి ప్రాణమే పోవచ్చని హ్యారీ స్నేహితురాలు హెర్మయనీ ఒక పాత గ్రంథంలో చదువుతుంది. మూలకథలో దండనగా వచ్చిన నొప్పి ఇక్కడ చికిత్సగా మారింది. చిలక కథలో ఎంత వెతికినా ఇది కనిపించదు. నవలకు లోతైన అర్థం ఉందంటే నేను చూపించేది ఈ చోటునే.

అదే ధోరణిలో చివరి నవలలో, 2007లో వచ్చినదానిలో, హ్యారీ తన తల్లిదండ్రుల సమాధి ముందు నిలబడే ఘట్టాన్ని చదవండి. సమాధి మీద ఉన్నది బైబిల్‌లో కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని వాక్యం: ‘కడపట నశింపజేయబడు శత్రువు మరణము.’ చదవగానే హ్యారీ ఉలిక్కిపడతాడు, ఇది వోల్డమార్ట్ అనుచరులు అనుకునే మాటలా ఉందే అంటాడు. అతని అనుమానంలో న్యాయం ఉంది, ఎందుకంటే మరణాన్ని జయించాలన్నది వోల్డమార్ట్ కోరిక కూడా. హెర్మయనీ ఆ మాటకు వేరే అర్థం చెబుతుంది. ఒకే వాక్యం ఇద్దరు పరమ శత్రువుల నోట పలకగలదు, ఇద్దరికీ మధ్య తేడా అంతా దాన్ని అర్థం చేసుకోవడంలోనే ఉంది. ఆ ఊరి సమాధులపై ఉన్న రెండు వాక్యాలూ దాదాపు మొత్తం కథ సారాన్ని చెబుతాయని రౌలింగ్ తర్వాత బహిరంగంగానే చెప్పారు గనుక, ఇక్కడ మనం లేనిది అంటిస్తున్నామన్న భయం అక్కర్లేదు.

ఇలా కొలవడానికి మన అలంకారశాస్త్రంలోనే మంచి పనిముట్టు ఉంది. తొమ్మిదో శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం చివరి భాగంలో కావ్యాల మధ్య పోలికలు మూడు రకాలన్నాడు: అద్దంలో ప్రతిబింబం లాంటిది, చిత్తరువు లాంటిది, ఒకే పోలిక గల ఇద్దరు మనుషుల లాంటిది. మొదటిదానికి సొంత ఆత్మ లేదు, రెండోదానికి ఉన్నా అది తుచ్ఛమైనది, మూడోదానికి తనదైన ఆత్మ ఉంటుంది గనుక అటువంటి పోలికను కవి వదులుకోనక్కర్లేదన్నాడు. చవక ఫాంటసీలో మొదటి రెండూ కుప్పలుగా దొరుకుతాయి. పొడుగు గడ్డం మాంత్రికుడు, అనాథ వీరుడు, చీకటి ప్రభువు వరుసగా వచ్చి పోతుంటారు, ఒక్కరికీ ప్రాణం ఉండదు. వాటిని గురించి ఇక్కడ పొడిగించను.

గొప్ప రచయిత కూడా ఈ మూడు పనులనూ ఒకే పుస్తకంలో చేయగలడనడానికి టోల్కీన్ సాక్ష్యం. 1937లో వచ్చిన ‘ది హాబిట్’లో మరుగుజ్జుల పేర్లు థోరిన్, ఫిలి, కిలి, బోంబూర్ వంటివి దాదాపు అన్నీ ప్రాచీన నార్స్ కావ్యం ‘వోలుస్పా’లోని ఒక జాబితా నుంచి దింపుకున్నవి. మాంత్రికుడైన గాండాల్ఫ్ పేరు కూడా ఆ మరుగుజ్జుల జాబితాలోదే. ఇది అద్దంలో ప్రతిబింబం, ఇందులో లోతు వెతకడం కాలయాపన.

డ్రాగన్ దగ్గర గిన్నె దొంగతనం మాత్రం వేరే సంగతి. ప్రాచీన ఇంగ్లీషు కావ్యం ‘బేవుల్ఫ్’లో ఎవరో ఒకడు నిద్రపోతున్న డ్రాగన్ నిధిలోంచి పానపాత్ర ఒకటి దొంగిలిస్తాడు, అది మేలుకుని ఊళ్లు తగలబెడుతుంది. టోల్కీన్ నవలలో కథానాయకుడు బిల్బో చేసే పని, దాని పర్యవసానం అచ్చం ఇవే. ఆయన ఆ కావ్యంపై 1936లో ఇచ్చిన ఉపన్యాసం ఈనాటికీ ఆ రంగంలో ప్రామాణికం, కాబట్టి మూలం ఆయనకు తెలియకపోవడమన్న ప్రశ్నే లేదు. అయినా, బేవుల్ఫ్ తనకు ఎంతో విలువైన మూలమే గాని ఆ ఘట్టం రాసేటప్పుడు అది బుద్ధిపూర్వకంగా మనసులో లేదని, కథలోని పరిస్థితుల నుంచి దొంగతనం దానంతట అదే వచ్చిందని 1938లో ఒక పత్రికకు రాసిన ఉత్తరంలో చెప్పాడు. నేను ఆ మాటను నమ్ముతాను. జీవితమంతా ఒక కావ్యంతో గడిపినవాడికి అది గుర్తు చేసుకోవలసిన వస్తువుగా ఉండదు, నడకలోకి వచ్చేస్తుంది. ఇక మార్పు సంగతి: పాత కావ్యంలో ఆ దొంగకు పేరు లేదు, నిలకడ లేదు, పని కాగానే కథ వీరుడైన ముసలి రాజు వెంట వెళ్లిపోతుంది. టోల్కీన్ ఆ పేరు లేని దొంగకే పేరు పెట్టి, ఇల్లు కట్టించి, పుస్తకమంతా అతని భుజాల మీద నడిపించాడు. వీరకావ్యం అంచున నిలబడ్డ చిన్నవాణ్ని మధ్యలోకి తీసుకురావడమే తర్వాతి పెద్ద నవల ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’కు కూడా పునాది అయింది.

మరో చోట ప్రభావం అసంతృప్తిగా పనిచేసింది. షేక్‌స్పియర్ ‘మాక్‌బెత్’లో బిర్నమ్ వనం కొండకు కదిలి వచ్చేదాకా రాజుకు ఓటమి లేదని మంత్రగత్తెలు చెబుతారు. తీరా చూస్తే కదిలేది వనం కాదు, తలా ఒక కొమ్మ నరికి పట్టుకున్న సైనికులు. బడిలో అది చదివినప్పుడు తాను నిరాశపడ్డానని, చెట్లు నిజంగా యుద్ధానికి నడిచే కథ రాయాలనుకున్నానని టోల్కీన్ 1955లో కవి ఆడెన్‌కు రాశాడు. ఆయన నవలలో చెట్లు నిజంగానే నడుస్తాయి, అదీ ఎవరి ఆజ్ఞ మీదనో కాక తమను నరికి కొలిమిలో వేస్తున్నారన్న తమ సొంత కోపంతో. షేక్‌స్పియర్ దగ్గర వనం మనుషుల ఎత్తుగడకు పనికివచ్చే ముసుగు, ఇక్కడ అది ఫిర్యాదుదారు. అదే నాటకంలో, స్త్రీ కన్నవాడెవడూ మాక్‌బెత్‌ను చంపలేడన్న జోస్యానికి, టోల్కీన్ నవలలో ఏ పురుషుడి చేతా చావని రాజును ఎయోవిన్ అనే స్త్రీ కూల్చడానికి సంబంధం ఉందని చాలామంది అంటారు. నాకూ అలాగే అనిపిస్తుంది. అయితే మొదటిది రచయిత చేతిరాతతో ఉన్న సాక్ష్యం, రెండోది మన అనుమానం. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

చరిత్ర నుంచి తెచ్చుకోవడంలో జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ పేరు చెప్పకుండా ఉండలేం. ఆయన ‘ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్’ నవలల్లోని రాజవంశాల వెనుక, 1455లో ఇంగ్లండ్‌లో సింహాసనం కోసం మొదలైన ‘గులాబీల యుద్ధాలు’ ఉన్నాయి. పెళ్లి విందులో అతిథులను ఊచకోత కోసే ఘట్టం వెనుక స్కాట్లండ్‌లో 1440 నాటి ‘నల్ల విందు’, 1692 నాటి గ్లెంకో హత్యాకాండ ఉన్నాయని ఆయనే చెప్పాడు. చరిత్ర దీన్ని బయటినుంచి చెబుతుంది. మార్టిన్ మనల్ని విందు బల్ల దగ్గరే కూర్చోబెడతాడు. ఆ ఇంటి రొట్టె, ఉప్పు తిన్న అతిథికి హాని చేయరాదన్నది ఆ లోకపు కట్టుబాటు గనుక, లోపలికి వెళ్లగానే వాటిని అడిగి తినమని కేట్లిన్ అనే తల్లి తన కొడుకును ముందే హెచ్చరిస్తుంది. విందులో వాయిద్యాలు నాసిగా మోగుతుంటాయి, మోగించేవాళ్లు వాద్యకారులు కారని మనకు అర్థమయ్యేసరికి ఆలస్యమైపోతుంది.

అన్ని ప్రభావాలూ గౌరవంతో రావు, కొన్ని తగాదాగా వస్తాయి. 1950లో సి.ఎస్. లూయిస్ రాసిన మొదటి నార్నియా కథలో లూసీ అనే పాప ఒక బట్టల బీరువాలోకి దూరుతుంది, కోట్లను తోసుకుంటూ వెళ్తే కాళ్ల కింద మంచు తగులుతుంది, అవతల వేరే లోకం ఉంటుంది. 1995లో ఫిలిప్ పుల్‌మన్ ‘హిజ్ డార్క్ మెటీరియల్స్’ అనే తన నవలాత్రయం మొదటి భాగాన్ని కూడా బీరువాలో దాక్కునే పాపతోనే మొదలుపెట్టాడు. ఆమె పేరు లైరా. ఆమె బీరువాలోంచి వేరే లోకానికి వెళ్లదు. తలుపు సందులోంచి చూస్తే కనిపించేది తన లోకమే, అందులో ఒక పెద్దమనిషి, మరో పెద్దమనిషి తనకోసం విషప్పొడి కలిపి ఉంచిన ద్రాక్షసారాను తాగబోతున్నాడు. లూసీ బీరువా అద్భుతంలోకి ద్వారం అయితే, లైరా బీరువా పెద్దల గుట్టు వినిపించే చాటు. పుల్‌మన్ నార్నియా కథలను 1998లో పత్రికాముఖంగా దుయ్యబట్టిన మనిషి. ముఖ్యంగా, లిప్‌స్టిక్ మీద, విందుల పిలుపుల మీద మోజు పెరిగిందన్న పేరుతో సూసన్ అనే పెద్దమ్మాయిని చివరి కథలో లూయిస్ దూరం పెట్టడం ఆయనకు మింగుడుపడలేదు. అందుకే ఆయన మూడు నవలలూ కలిసి ఎదగడం పాపం కాదన్న వాదనగా నిలుస్తాయి. ఆ మూడింటికీ కలిపి పెట్టిన పేరు మిల్టన్ ‘పారడైజ్ లాస్ట్’ రెండో కాండంలోని పదబంధం కావడం కూడా యాదృచ్ఛికం కాదు, మానవుడి పతనాన్ని వర్ణించిన కావ్యాన్నే తీసుకుని ఆయన దాన్ని తలకిందులు చేశాడు. మూడో నవల చివర కృతజ్ఞతల్లో, తాను చదివిన ప్రతి పుస్తకం నుంచీ ఆలోచనలు దొంగిలించానని రాసుకున్నాడు. రాజశేఖరుడు ఉంటే భుజం తట్టేవాడు.

ఇక మీరు అడిగిన ‘అంటించడం’ విషయానికి వస్తాను. టోల్కీన్ పెద్ద నవలలో అందరూ కోరుకునే ఉంగరం అణుబాంబుకు ప్రతీక అన్న మాట మీరు వినే ఉంటారు. 1960ల మధ్యలో వచ్చిన ఆ నవల రెండో కూర్పు ముందుమాటలో, తన కథకు ఇలాంటి సమకాలీన ప్రతీకార్థాలేవీ లేవని ఆయన ఖండించాడు. కథకు మూలమైన అధ్యాయం యుద్ధానికి చాలా ముందే రాసినదని, నిజ యుద్ధమే నమూనా అయి ఉంటే ఉంగరాన్ని నాశనం చేయడం కాదు, స్వాధీనం చేసుకుని శత్రువు మీదే ప్రయోగించి ఉండేవారని అన్నాడు. అక్కడే ఆయన చేసిన విభజన ఈ చర్చకంతటికీ పనికివస్తుంది. అన్యాపదేశం, అంటే ఒకటి చెబుతూ మరొకదాన్ని ఉద్దేశించడం వేరు, అన్వయం వేరు: మొదటిదానిలో రచయిత పాఠకుణ్ని తన అదుపులో పెట్టుకుంటాడు, రెండోది పాఠకుడి స్వేచ్ఛ. మీరు ఉంగరాన్ని చదివి అణుబాంబును తలుచుకోవచ్చు, అది మీ అన్వయం; రచయిత అదే చెప్పాడని అనడం మాత్రం అబద్ధ సాక్ష్యం.

అయితే రచయిత ఖండించాడు గనుక అతని జీవితానికి, రచనకు సంబంధమే లేదనుకోవడం రెండో అతి. టోల్కీన్ 1916లో ఫ్రాన్స్‌లో సొమ్ యుద్ధంలో పాల్గొన్నాడు. నీటి అడుగున శవాల ముఖాలు కనిపించే చిత్తడి నేలల వర్ణన ఆ యుద్ధం తర్వాతి ఉత్తర ఫ్రాన్స్‌కు కొంత రుణపడి ఉందని 1960లో ఒక ఉత్తరంలో ఒప్పుకున్నాడు. ఆ ఉత్తరాన్ని ఉటంకించేవాళ్లు సాధారణంగా వదిలేసే మాట ఒకటుంది. ఆ వెంటనే, విలియం మోరిస్ రాసిన వీరగాథా నవలలకు తన రుణం ఇంకా ఎక్కువని ఆయన రాశాడు. కళ్లతో చూసిన బురద కంటే చదివిన పుస్తకం ఎక్కువ బాకీ పెట్టిందని ఒక సైనికుడు చెబుతున్నాడు. జీవితచరిత్రతోనే నవలలను విప్పేయాలనుకునేవాళ్లు ఈ వాక్యం దగ్గర కాసేపు ఆగాలి.

ఇదే జాగ్రత్త అర్సులా లెగ్విన్ విషయంలో మరోలా అవసరమవుతుంది. 1968 నాటి ఆమె నవలలో గెడ్ అనే యువ మాంత్రికుడు గర్వంతో ఒక నీడను లోకంలోకి వదులుతాడు, దానికి భయపడి పారిపోతాడు, చివరికి తానే దాన్ని వెంటాడుతాడు. నీడ అనగానే, మనిషి తనలో ఒప్పుకోని చీకటి పార్శ్వానికి ‘నీడ’ అని పేరు పెట్టిన మనస్తత్వవేత్త యూంగ్ గుర్తుకు రాకుండా ఉండడు, పాఠ్యగ్రంథాల్లో కూడా ఆ పోలిక స్థిరపడిపోయింది. కానీ అది రాసేనాటికి తాను యూంగ్‌ను చదవలేదని ఆమె చెప్పింది. ఆమెతో చిన్ననాటి నుంచి ఉన్న పుస్తకం ప్రాచీన చైనా తాత్వికుడు లావోజు ‘తావో తె చింగ్’. మానవశాస్త్రజ్ఞుడైన తండ్రి ఆల్ఫ్రెడ్ క్రోబర్ దగ్గరి ప్రతిలో మొదట దాన్ని చూసి, 1990ల చివర తానే ఇంగ్లీషులోకి తెచ్చుకుంది. వెలుగు, చీకటి ఒకదాన్నొకటి ఓడించేవి కావు, ఒకదానివల్ల ఒకటి నిలిచేవి అన్న ఆ దృష్టితో చదివితే నవల ముగింపు మరింత స్పష్టంగా కనిపిస్తుంది. గెడ్ నీడను చంపడు. ఇద్దరూ ఎదురుపడి ఒకే క్షణాన ఒకే పేరు పలుకుతారు, అది గెడ్ సొంత పేరు. వీరుడు రాక్షసుణ్ని సంహరించే కథకు అలవాటుపడిన పాఠకుడికి కత్తి దిగవలసిన చోట కౌగిలింత ఎదురవుతుంది.

మీరు స్వయంగా ప్రయత్నించి చూడదలచుకుంటే ఒక చిన్న పని చెబుతాను. ప్లేటో ‘రిపబ్లిక్’ రెండో భాగంలో గైజీస్ కథ ఉంది. లిడియా దేశపు గొర్రెల కాపరికి భూమి పగిలిన బిలంలో ఒక శవం వేలికి ఉంగరం దొరుకుతుంది, దాని రాయిని లోపలికి తిప్పితే అతను అదృశ్యమవుతాడు. వెంటనే రాణిని లోబరచుకుని, రాజును చంపి, రాజ్యం కాజేస్తాడు. ఎవరూ చూడనప్పుడు మనిషి న్యాయంగా ఉంటాడా అన్నది అక్కడి ప్రశ్న. ఇప్పుడు ‘ది హాబిట్’ అయిదో అధ్యాయం తీయండి, అయితే రెండు కూర్పులూ పక్కపక్కన పెట్టుకోండి. 1937 కూర్పులో గొల్లమ్ అనే సొరంగపు జీవి బిల్బోతో పొడుపుకథల పందెంలో ఓడి, ఉంగరమే బహుమతిగా ఇస్తానన్నవాడు, అది కనిపించక క్షమాపణ అడిగి, బదులుగా దారి చూపించి పంపేస్తాడు. అప్పటికి అది చేతికందిన ఒక మాయవస్తువు, అంతే. పెద్ద నవల రాస్తూ ఆ ఉంగరం ఎంత చెడ్డదో టోల్కీన్‌కు తెలిసివచ్చాక, 1951 కూర్పులో ఈ అధ్యాయాన్ని తిరగరాశాడు. ఇక్కడ ఆయనకు మూలం తన పుస్తకమే. కొత్త కూర్పులో గొల్లమ్ చంపాలని వెతుకుతుంటాడు, బిల్బో అదృశ్యంగా, చేతిలో కత్తితో అతని వెనుక నిలబడి ఉంటాడు, బయటికి దారి గొల్లమ్ కూర్చున్న చోటునుంచే. పొడిచేస్తే అడిగేవాడు లేడు, చూసేవాడు అంతకంటే లేడు. వెలుతురు లేని ఆ సొరంగంలో ఆ జీవి ఏళ్ల తరబడి గడిపిన ఒంటరితనం బిల్బోకు ఒక్క క్షణం కళ్లకు కట్టినట్టు తోస్తుంది. అతను కత్తి ఎత్తడు. చీకట్లో గొల్లమ్ తల మీదుగా గెంతుతాడు, పైనున్న కమాను రాతికి తల పగలడం వెంట్రుకవాసిలో తప్పుతుంది.